మోస్ ఆలిసన్: ఏరిన పాటలు కాదు, పూర్తి ఆల్బమ్‌లు వినండి

అమెరికన్ జాజ్, బ్లూస్ పియానిస్టు, గాయకుడు మోస్ ఆలిసన్‌ను గాయకుడిగా మాత్రమే ఎరిగినవాళ్లు ఆయన్ను సగమే విన్నారు. తప్పు సంకలనాలది. 1957–59 మధ్య ప్రెస్టీజ్ కంపెనీకి రికార్డు చేసిన ఆరు ఆల్బమ్‌లలో ఎక్కువ భాగం పియానో ట్రియోనే (పియానో, బాస్, డ్రమ్స్ ముగ్గురి వాద్యం), గొంతు అక్కడక్కడే వినిపిస్తుంది. ఆ పాటలు మాత్రం ఏరి 1963లో ‘మోస్ ఆలిసన్ సింగ్స్’గా తెచ్చారు. ‘పార్చ్‌మన్ ఫార్మ్’, ‘సెవెన్త్ సన్’ ఒకేచోట దొరకడం సుఖమే. పియానిస్టు మాత్రం వెనక్కి పోయాడు.

మొదలుపెట్టాల్సింది 1957 నాటి ‘బ్యాక్ కంట్రీ సూట్’తో. మిసిసిపీలోని టిప్పో దగ్గర పుట్టి పెరిగిన పల్లె బతుకును పది చిన్న రచనల్లో వాయించాడు. తోడు బాస్, డ్రమ్స్, అంతే. ప్లేయర్‌లో పాటల వరుస కలిపేసే షఫుల్ తప్పక ఆపేయండి. సూట్ అంటే వరుసగా వినాల్సిన రచనల గుచ్ఛం, వరుస చెడితే సూట్ లేదు. రికార్డింగ్ మోనో (ఒకే చానెల్) కాబట్టి హెడ్‌ఫోన్‌లో సరౌండ్ ఎఫెక్ట్ కూడా తీసేయండి, లేకపోతే బాస్ పలచబడుతుంది. నాలుగోది ‘బ్లూస్’, నిమిషంన్నర పాట. బ్రిటిష్ రాక్ బృందం ‘ద హూ’ ‘యంగ్ మ్యాన్ బ్లూస్’ పేరుతో 1970లో ‘లైవ్ ఎట్ లీడ్స్’లో హోరెత్తించింది దీన్నే. ఆలిసన్ గొంతు పెంచడు. మాట్లాడుతున్నట్టే, తాళానికి కాస్త వెనకగా పాడతాడు. కోపమంతా ఆ నెమ్మదిలోనే ఉంది, నాకు ఇదే గొప్పగా అనిపిస్తుంది.

తర్వాత అట్లాంటిక్ కంపెనీ రోజులు. 1962 నాటి ‘ఐ డోంట్ వర్రీ అబౌట్ ఎ థింగ్’ తప్పనిసరి. అందులోని ‘యువర్ మైండ్ ఈజ్ ఆన్ వెకేషన్’లో ఒక్కో చురక తర్వాత పియానో జవాబు చెప్పేంత చోటు ఉంటుంది, ఆ చోటు వల్లే చురక తగులుతుంది. ఇదే పాట పేరుతో 1976లో వచ్చిన ఆల్బమ్‌లో హార్న్‌లు (శాక్సఫోన్ లాంటి ఊదే వాద్యాలు) చేరాయి. నాకు 1962 ట్రియోనే మేలు. హార్న్‌లతోనే వినాలనుకుంటే 1963 నాటి ‘స్వింగిన్ మెషీన్’ తీసుకోండి: జిమ్మీ నెపర్ ట్రాంబోన్, జిమ్ రైడర్ టెనర్ శాక్సఫోన్ పాటను మింగేయవు.

1971 నాటి ‘వెస్టర్న్ మ్యాన్’ చివరికి ఉంచుకోండి. అందులో ఎలక్ట్రిక్ పియానో వాయించాడు. స్వరం మొదట్లో తగిలే పదును మొద్దుబారడంతో ఎడమచేతి పని సరిగా వినిపించదు.