షిమానో గరాటు సెట్టు: ఎమ్‌టీ200 బ్రేకు బ్లీడింగ్‌లో ఏ పొరపాటును సరిచేస్తుంది, ఏది చేయలేదు

సైకిల్‌కుండే షిమానో ఎమ్‌టీ200 లాంటి, నూనెతో పనిచేసే డిస్క్ బ్రేకుకు ఇంట్లో బ్లీడింగ్ (లోపలి గాలిని నూనెతో బయటికి తోసేయడం) చేశాక కూడా లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంటే, గొట్టంలోనో లివర్‌లో ఉండే నూనె ట్యాంకులోనో ఇంకా గాలి ఉన్నట్టే. దాన్ని రాబట్టడానికి షిమానో అమ్మే చిన్న ప్లాస్టిక్ గరాటు, దానికో బిరడా కడ్డీ ఉన్న సెట్టు పెట్టిన డబ్బుకు న్యాయం చేసే వస్తువు. గరాటును లివర్ మీది రంధ్రంలో స్క్రూలాగా తిప్పి బిగించాలి. పైన ఎప్పుడూ నూనె నిలిచి ఉంటుంది కాబట్టి లోపలి బుడగలు తేలి బయటికి పోతాయే తప్ప కొత్త గాలి దూరదు.

ముందు చక్రం, ప్యాడ్లు తీసేసి, ప్యాడ్ల చోట పసుపు స్పేసర్ (పిస్టన్లు ముందుకు రాకుండా ఆపే ముక్క) పెట్టాలి. తర్వాత లివర్ క్లాంపు సడలించి, ట్యాంకు నేలకు సమాంతరంగా ఉండేలా తిప్పాలి. ఇంటి బ్లీడింగులు ఎక్కువగా చెడేది ఇక్కడే. లివర్ వాలి ఉంటే బుడగ రంధ్రం వైపు రాకుండా ట్యాంకు మూలన కూర్చుంటుంది, ఎంత నూనె పోసినా కదలదు. లివర్ రంధ్రం స్క్రూ విప్పి గరాటు బిగించాక, 7 ఎమ్ఎమ్ రింగ్ స్పానర్‌తో కాలిపర్ (చక్రం దగ్గర ప్యాడ్లు, పిస్టన్లు ఉండే భాగం) నిపుల్‌ను, అంటే నూనె ఎక్కించే మూతిని, ఎనిమిదో వంతు చుట్టు తెరిచి, సిరంజితో కిందినుంచి నూనె ఎక్కించాలి. గరాటులో బుడగలు ఆగాక నిపుల్ మూసి, గొట్టాన్ని కిందినుంచి పైకి తట్టుతూ లివర్‌ను మెల్లగా నొక్కి వదలాలి. చివర్లో బిరడా పెట్టి గరాటు విప్పి, రంధ్రం అంచు దాకా నూనె నిండి ఉండగానే స్క్రూ బిగించాలి. దానికి 0.3 నుంచి 0.5 న్యూటన్ మీటర్లు చాలు, అంటే వేళ్ల బలమే. గట్టిగా తిప్పితే మర చెడి లివరే మార్చాల్సి వస్తుంది. నిపుల్‌కు మాత్రం 4 నుంచి 6 కావాలి.

గరాటు బాగా పనికొచ్చే ఇంకో సందర్భం ఉంది. అరిగిన ప్యాడ్లతో, పిస్టన్లు వెనక్కి నెట్టకుండానే నూనె నింపేస్తే, కొత్త ప్యాడ్లు వేశాక డిస్క్ దూరేందుకు సందు ఉండదు. చక్రం తీసి ఉన్నప్పుడు లివర్ నొక్కినా పిస్టన్లు ముందుకొచ్చేస్తాయి. రెండింటికీ మందు ఒకటే: లివర్ మీద గరాటు బిగించి, టైరు ఊడదీసే ప్లాస్టిక్ పుల్లతో పిస్టన్లను తిన్నగా లోపలికి నెట్టాలి, ఎక్కువైన నూనె గరాటులోకి వచ్చేస్తుంది. స్క్రూడ్రైవర్‌తో నెట్టకండి, పిస్టన్ పగులుతుంది.

నూనె మారిపోతే మాత్రం ఈ సెట్టు ఏమీ చేయలేదు. షిమానోది మినరల్ ఆయిల్. మోటార్‌సైకిల్ షాపులో దొరికే డాట్ 4 అనే వేరే రకం బ్రేకు నూనె పోస్తే సీళ్లు ఉబ్బి లివర్ బిగుసుకుపోతుంది. కడిగి వాడుకోవచ్చన్న ఆశ వద్దు, లివర్, కాలిపర్, గొట్టం అన్నీ మార్చాల్సిందే. స్రామ్ అనే మరో కంపెనీ బ్రేకుల్లో చాలావాటికి డాట్ నూనే వాడతారు కాబట్టి, వాటి పద్ధతి చూసి షిమానోకు చేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ప్యాడ్ మీద నూనె చుక్క పడినా అంతే. బ్రేకు కీచుమంటుంది, పట్టు పోతుంది. స్టవ్ మీద కాల్చే చిట్కా నమ్మదగ్గది కాదు, పైపొర మాడినా లోపల పీల్చుకున్న నూనె మళ్లీ ఊరుతుంది. డిస్క్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఈ బ్రేకుకు సరిపోయే కొత్త బీ05ఎస్ రెజిన్ ప్యాడ్లు వేయండి. తర్వాత ఓ మోస్తరు వేగం నుంచి నడక వేగానికి, చక్రం లాక్ కాకుండా, ఓ 20 సార్లు బ్రేకు వేస్తే పట్టు కుదురుతుంది.

సెట్టులో లోటు ఒకటే: సిరంజి, గొట్టం, పసుపు స్పేసర్ ఇందులో రావు. వాటితోపాటు 100 మి.లీ. షిమానో నూనె, ఒక జత ప్యాడ్లు కూడా తెచ్చిపెట్టుకున్నాకే స్క్రూ విప్పండి.