స్లీవ్ ఆపరేషన్: ఐదేళ్ళు దాటాక నా అనుభవం

బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ చేయించుకుని ఐదేళ్ళు దాటింది. అప్పుడు 126 కిలోలు ఉండేదాన్ని. రెండో ఏడాదికి 84కి దిగాను. ఇప్పుడు 91 దగ్గర నిలకడగా ఉన్నాను. ఆపరేషన్ అయిన మూడు నెలలకే రాసే అనుభవాలు చాలానే కనిపిస్తాయి. ఆ రోజుల్లో తూకం వారం వారం దిగుతుంటుంది కాబట్టి అందరికీ అంతా బాగానే అనిపిస్తుంది. అసలు సంగతి రెండు మూడేళ్ళు గడిచాక తెలుస్తుంది. అందుకే ఇన్నాళ్ళు ఆగి రాస్తున్నాను.

నాకైతే ఈ ఆపరేషన్ చాలా మేలు చేసింది. షుగరు, బీపీ, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు మూడూ ఉండేవి. షుగరు మాత్రలు మొదటి ఏడాదిలోనే ఆపేశారు. మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 7.8 నుంచి 5.6కి వచ్చింది, ఇప్పుడు 5.9. బీపీ మాత్ర ఒకటి మిగిలింది. రాత్రిళ్ళు ముఖానికి మాస్కు పెట్టుకుని మిషన్‌తో గాలి పీల్చుకుంటూ పడుకునేదాన్ని. బరువు తగ్గాక మళ్ళీ నిద్ర పరీక్ష చేసి, ఇక అక్కర్లేదన్నారు. వెల్లకిలా పడుకుని రాత్రంతా నిద్రపోవడమంటే ఏమిటో ఎన్నో ఏళ్ళ తర్వాత తెలిసింది. పొద్దున లేస్తే తలనొప్పి లేకపోవడం కూడా.

ఆపరేషన్‌లో చేసేదేమిటంటే, పొట్టలో ఐదు చిన్న గాట్లు పెట్టి కెమెరా సాయంతో జీర్ణాశయంలో దాదాపు నాలుగింట మూడొంతులకు పైగా కోసి తీసేస్తారు. మిగిలేది అరటిపండులాంటి సన్నటి గొట్టం. తీసేసిన భాగాన్ని మళ్ళీ అతికించడం ఉండదు, వెనక్కి తిరిగి రాలేని దారి ఇది. పొట్ట చిన్నదవడం ఒక్కటే కాదు, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం కూడా దాంతోపాటే పోతుంది. నా అనుభవంలో ఈ రెండోదే ముఖ్యం. డైటింగ్ చేసిన ప్రతిసారీ నన్ను ఓడించింది ఆకలే. పట్టుదల లేక బరువు పెరిగావని మొహం మీదే అన్నవాళ్ళున్నారు. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలపాటు ఆకలన్నదే లేకుండా బతికాక, పట్టుదల గురించి వాళ్ళు చెప్పింది ఎంత తప్పో ఒంటితో తెలుసుకున్నాను. మామూలు మనుషులు ఇంత తేలిగ్గా కంచం ముందు నుంచి లేస్తారా అని ఏడ్చిన రోజుంది.

ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు దాదాపు ద్రవాహారమే. బరువు కొంచెం తగ్గితే చాలనేమో అనుకున్నాను కానీ దాని ఉద్దేశం వేరు. కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం ఎడమ భాగం జీర్ణాశయం మీద పరుచుకుని ఉంటుంది. అది కుంచించుకుపోతేనే సర్జన్‌కి పని చేసుకునే చోటు దొరుకుతుంది. మొత్తంలో నాకు బాగా కష్టమనిపించింది ఆ రెండు వారాలే, ఎందుకంటే అప్పటికి ఆకలి అలాగే ఉంది. వాటిని ఎగ్గొట్టకండి.

మత్తు దిగాక గాట్ల నొప్పికంటే ఎడమ భుజం నొప్పి ఎక్కువగా ఉంది. పొట్టని ఉబ్బించడానికి నింపిన గ్యాస్ ఊపిరితిత్తుల కింది పొరని ఒత్తితే నొప్పి భుజంలో తెలుస్తుందట. నడిస్తేనే తగ్గుతుంది. ఆ సాయంత్రమే లేపి నడిపించారు. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి కూడా ఆ నడక అవసరమే, దానికి తోడు పొట్టలో ఇంజెక్షన్లు. చిన్న కప్పులో 30 మిల్లీలీటర్ల నీళ్ళిచ్చి పావుగంటలో తాగమన్నారు. ఒక్క గుక్క గొంతు దిగి, రొమ్ము ఎముక కింద ఆగి, అక్కడ గుడగుడమని, మెల్లగా జారడం లెక్కపెట్టినట్టు తెలిసింది. రెండో గుక్కకి తొందరపడే ధైర్యం రాలేదు.

ఇంటికొచ్చాక కనిపెట్టుకుని ఉండాల్సింది కుట్టిన చోట లీకు అవుతుందేమోనని. చాలా కొద్దిమందికే వస్తుంది, వస్తే మాత్రం ప్రాణాంతకం. గుండె నిమిషానికి 120కి పైగా కొట్టుకుంటూ ఉన్నా, జ్వరం వచ్చినా, కడుపునొప్పి పెరుగుతున్నా పొద్దున దాకా ఆగొద్దని చెప్పి పంపారు. మా ఆయన ఆ మాటలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించారు. నాకు ఆ అవసరం రాలేదు.

తిండి మెట్లు మెట్లుగా పెరుగుతుంది: పలుచటి ద్రవాలు, చిక్కటివి, మెత్తగా రుబ్బినవి, ఆ తర్వాత మెత్తటి ముద్దలు. మామూలు తిండికి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. మూడో వారంలో తూకం కదలకుండా మొండికేస్తుంది. ఇది చాలామందికి జరిగేదే, కంగారుపడి తిండి ఇంకా తగ్గించుకోకండి.

కడుపు నిండిందని నా ఒళ్ళు చెప్పే తీరు పూర్తిగా మారిపోయింది. పూర్వం నిండటమంటే బరువుగా, హాయిగా ఉండేది. ఇప్పుడు ముందు ముక్కు కారుతుంది. లేదా ఒక్క వెక్కు వస్తుంది. అక్కడే ఆగాలి. ఇంకో ముద్ద పెట్టుకుంటే ఛాతీలో రాయి కూర్చున్నట్టవుతుంది, నోరంతా నురగలాంటి ఉమ్మితో నిండుతుంది, చివరికి ఆ ముద్ద బయటికి వస్తేగానీ తెరిపి ఉండదు. ఎండిన మాంసం, నమలకుండా మింగిన ముద్ద, హడావుడిగా తిన్న తిండి, ఈ మూడింటితోనే నాకు ఎక్కువగా ఇలా అయింది. తింటూ నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. మాంసకృత్తులు రోజుకి 60 గ్రాములకు తగ్గకూడదు కాబట్టి కంచంలో ముందు అవే. పిండి పదార్థాలు చోటు మిగిలితేనే.

ఎవరూ సరిగ్గా చెప్పనిది ఇంకొకటుంది. ఆకలి పోయినా తినాలన్న కోరిక పోదు. రోజంతా పని చేసి సాయంత్రం అలసిపోయి కూర్చుంటే చెయ్యి దానంతటదే తిండి వైపు పోయేది. పొట్ట వద్దంటోంది, మనసు కావాలంటోంది. ఇన్నేళ్ళూ తిండితోనే ఓదార్చుకున్న మనిషికి ఆ ఓదార్పు ఒక్కసారిగా తీసేస్తే ఎలా ఉంటుంది? రెండో నెలలో బాగా దిగులు పట్టుకుంది. ఆసుపత్రి వాళ్ళ కౌన్సెలర్‌తో మాట్లాడటం మొదలుపెట్టాక తేరుకున్నాను. మీరు చేయించుకోబోయే చోట సర్జన్ ఎంత మంచివాడో అడిగినట్టే, ఆ తర్వాత మాట్లాడటానికి కౌన్సెలర్, డైటీషియన్ ఉంటారా అన్నదీ అడగండి.

నాలుగో నెలలో జుట్టు ఊడటం మొదలైంది. దువ్వెన నిండా, తలదిండు నిండా. ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్ళి, రెండు మూడు నెలల తర్వాత రాలతాయి. కుదుళ్ళు బతికే ఉంటాయి కాబట్టి ఏడాది తిరిగేసరికి మళ్ళీ వచ్చింది. వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు వస్తాయని ఆరు నెలలు మాత్రలిచ్చారు, నాకు రాలేదు. పిల్లల్ని కనాలనుకునే ఆడవాళ్ళు కనీసం ఏడాది, ఏడాదిన్నర ఆగాలి.

ఇక గుండెల్లో మంట గురించి. నాకు ఇది రెండో ఏడాది మొదలైంది. రాత్రి పడుకున్నాక పుల్లటి నీళ్ళు గొంతులోకి ఎగదన్నేవి, దగ్గుతూ లేచి కూర్చునేదాన్ని. స్లీవ్ అంటే ఒత్తిడి ఎక్కువగా ఉండే సన్నటి గొట్టం. లోపలి యాసిడ్‌కి పైకి పోవడమే సులువు. ఇది స్లీవ్‌కి బాగా తెలిసిన లోపం. ముందే గుండెల్లో మంట బాగా ఉన్నవాళ్ళకి సాధారణంగా గ్యాస్ట్రిక్ బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్న సంచిగా చేసి నేరుగా చిన్నపేగుకి కలిపే ఆపరేషన్) మంచిదంటారు. నాకు అప్పటికే అప్పుడప్పుడూ మంట ఉండేది, ఆ సంగతి చెప్పాను కూడా. కానీ నాకు ఆపరేషన్ చేసినచోట ఈ విషయాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారు. దీనిమీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. బైపాస్‌కి దాని బాధలు దానికున్నాయి: తీపి తింటే కళ్ళు తిరిగి చెమటలు పట్టడం, కుట్టుదగ్గర పుండ్లు, పోషకాల లోపం మరింత ఎక్కువ. అవన్నీ విని ఎంచుకునే అవకాశం రోగికి ఉండాలి. ఇప్పుడు నేను రోజూ యాసిడ్ తగ్గించే మాత్ర వేసుకుంటున్నాను, కొన్నేళ్ళకోసారి ఎండోస్కోపీ. అన్నవాహిక లోపలి పొర మారిపోతే అది క్యాన్సర్‌కి దారితీయొచ్చు కాబట్టి ఆ పరీక్ష తప్పదు. ఇప్పటికి పొర బాగానే ఉంది.

ఆ మాత్రతో ఇంకో చిక్కు. బీ12, ఐరన్ ఒంటికి పట్టడానికి యాసిడ్ కావాలి. స్లీవ్‌తో అది కొంత తగ్గింది, మాత్రతో ఇంకా తగ్గింది. అందుకని విటమిన్లు జీవితాంతం. కాల్షియం కూడా యాసిడ్ అక్కర్లేని సిట్రేట్ రకమే తీసుకోవాలి, ఐరన్‌కీ దానికీ మధ్య రెండు గంటల ఎడం. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే థయామిన్ (బీ1 విటమిన్) తగ్గి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది, అప్పుడు వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. రక్తపరీక్ష ఏడాదికోసారి చేయించుకుంటున్నాను.

మూడో ఏడాదికి ఆకలి తిరిగొచ్చింది. పూర్వంలా కాదు, కానీ వచ్చింది. ఏడు కిలోలు పెరిగాను. నాతోపాటు చేయించుకున్న ఒకామె ఇంతకంటే ఎక్కువ పెరిగి, సిగ్గుతో చెకప్‌లకి రావడం మానేసింది. కొంత బరువు తిరిగి రావడం చాలామందికి జరుగుతుంది, సిగ్గుపడాల్సిన పనే లేదు, అప్పుడే డాక్టరు అవసరం ఎక్కువ. నాకు పనికొచ్చింది బరువులెత్తే వ్యాయామం. బరువుతోపాటు కండ కూడా కరిగిపోతుంది, దాన్ని కాపాడుకోవాలి. వేలాడే చర్మం మాత్రం ఏ వ్యాయామానికీ పోదు. పొట్ట మడత కింద చెమట నిలిచి ఒరుసుకుని పుండు పడుతుంటే స్నానం తర్వాత పొడిగా తుడుచుకుని మెత్తటి గుడ్డ పెట్టుకుంటున్నాను. చర్మం తీసే ఆపరేషన్‌కి ఇంకా మనసొప్పలేదు.

ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లు ఉన్నాయి కదా, కోత ఎందుకని చాలామంది అడుగుతున్నారు. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్‌లతో బరువు బాగా తగ్గుతుందన్నది నిజమే. మానేస్తే చాలావరకు తిరిగొస్తుందన్నదీ నిజమే. బీఎంఐ (ఎత్తుని బట్టి బరువుని కొలిచే లెక్క) 35 దాటితే వేరే జబ్బులున్నా లేకపోయినా ఆపరేషన్ చేయొచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు చెప్పాయి, ఆసియా వాళ్ళకి 27.5 నుంచే పరిశీలించొచ్చన్నాయి. అంటే 1991లో అమెరికా ఆరోగ్య సంస్థ పెట్టిన లెక్కలకంటే ఇప్పుడు చాలామందికి ఈ దారి తెరిచి ఉంది. ఒకటి చేస్తే ఇంకొకటి చేయకూడదని కూడా లేదు. ఈ ఏడు కిలోలు ఇంకా పెరిగితే ఇంజెక్షన్ మొదలుపెడదామని మా డాక్టరు అంటున్నారు, సరేనన్నాను.