ఎకరానికి ఇంతనా, ఇంటికి ఇంతనా? రైతుకు ఏది మేలు?

రైతుకు ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం తెలంగాణలో రైతు భరోసా పేరుతో ఎకరం లెక్కన వస్తుంది, ఏడాదికి ఎకరానికి 12,000. ఆంధ్రలో అన్నదాత సుఖీభవ పేరుతో కుటుంబం లెక్కన వస్తుంది, ఏడాదికి 20,000. "మీ దగ్గర ఇరవై వేలు, మా దగ్గర పన్నెండేనా" అని తెలంగాణ వాళ్లు నిట్టూరుస్తారు గానీ, అది సరైన పోలిక కాదు. ఆ ఇరవైలో 6,000 కేంద్రం వేసే పీఎం కిసాన్ డబ్బే. తెలంగాణ రైతుకూ ఆ 6,000 విడిగా పడతాయి.

కాబట్టి లెక్క మళ్లీ వేద్దాం. ఎకరం ఉన్న రైతుకు తెలంగాణలో ఏడాదికి 18,000, ఆంధ్రలో 20,000. ఎకరం ఏడు గుంటలకు (ఎకరానికి 40 గుంటలు) వచ్చేసరికి రెండూ దాదాపు సమానం. అక్కడి నుంచి ప్రతి గుంటకూ తెలంగాణదే పైచేయి. పది ఎకరాలకు 1,26,000 వస్తే, ఆంధ్రలో అదే ఇరవై వేలు.

చూడగానే ఆంధ్ర పద్ధతే న్యాయం అనిపిస్తుంది. తెలంగాణలో రైతు భరోసాకు ముందున్న రైతుబంధు 2018 మేలో మొదలైనప్పుడు ఎకరాలకు గరిష్ఠ పరిమితి పెట్టలేదు. హైదరాబాద్‌లో కూర్చున్న భూస్వామి ఖాతాలోనూ డబ్బు పడింది. ఆ విమర్శ ఇప్పటికీ తీరలేదు.

అయితే మెట్ట రైతు మాటేమిటి? అనంతపురంలో వాన మీద ఆధారపడి ఐదెకరాల్లో వేరుశనగ వేసేవాడికీ, కాలువ కింద ఎకరంన్నర వరి ఉన్నవాడికీ కుటుంబం లెక్కన ఒకటే మొత్తం. విత్తనం, దుక్కి, కూలి మాత్రం మొదటివాడికి ఐదెకరాలకూ పెట్టాలి. కాగితం మీద అతను పెద్ద రైతు, చేతికొచ్చేది చూస్తే కాదు. ఎకరాల లెక్క ఇతన్ని కాస్త ఆదుకుంటుంది. అందుకే నా ఓటు ఎకరాల లెక్కకే, మెట్టకు పదెకరాలు, మాగాణికి ఐదెకరాలు అని పరిమితి పెడితే. పరిమితి లేకపోతే ఓటు వెనక్కి తీసుకుంటాను.

ఇక కౌలు రైతు. రైతుబంధులో అతనికి చోటే లేదు. ఆంధ్రలో 2019 నాటి రైతు భరోసా (తెలంగాణ దానితో పేరు ఒకటే, పథకం వేరు) భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు ఇచ్చింది గానీ దానికి పంట సాగుదారు కార్డు కావాలి. ఆ కార్డుకు పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం కావాలి. భూమి ఎక్కడ చేజారిపోతుందోనన్న టెన్షన్‌తో సంతకానికి జంకే యజమానులు ఊరూరా ఉన్నారు. ఎకరానికి ఇచ్చినా, ఇంటికి ఇచ్చినా దుక్కి దున్నినవాడు బయటే నిలబడుతున్నాడు.

అతనికి ఈ రెండింటికంటే పనికొచ్చేది మూడోది: పంట మీద బోనస్. తెలంగాణలో 2024 వానాకాలం నుంచి సన్నవడ్లకు క్వింటాలుకు 500 ఇస్తామన్నారు. ఎకరానికి ఇరవై క్వింటాళ్లు అమ్మితే ఒక్క పంటకే 10,000, రైతు భరోసా పంటకిచ్చే 6,000 కంటే ఎక్కువ. లోపాలూ ఉన్నాయి. పత్తి, మక్క వేసినవాడికి పైసా రాదు. పంట పోతే ఎవరికీ రాదు. పెట్టుబడికి అక్కరకు రాదు, అమ్మాకే వస్తుంది. దీన్ని నమ్ముకుని కౌలుకు దిగేవాళ్లు ధర మాట్లాడుకునేటప్పుడే కొనుగోలు కేంద్రంలో ఎవరి ఖాతా రాయించాలో కూడా తేల్చుకోవాలి. వడ్లు కాంటా అయ్యాక ఆ మాట ఎత్తితే యజమాని వినడు.