ఏప్రిల్‌లో జివెర్నీ: మొనే తోట చూడాలనుకునేవారికి

ఫ్రెంచి చిత్రకారుడు క్లోడ్ మొనే అనగానే గుర్తొచ్చే కలువలు ఏప్రిల్‌లో పూయవు. వాటికోసమే అయితే జూన్ దాటాక వెళ్లండి. నన్నడిగితే మాత్రం పారిస్‌కి దగ్గర్లో ఆయన తోట ఉన్న ఊరు జివెర్నీకి వసంతమే మేలు.

ఇంటి ముందు తోటలో ఆ రోజుల్లో మట్టి కనబడదు. కింద నీలి ఫర్‌గెట్‌-మీ-నాట్ పూలు దట్టంగా పరుచుకుంటే, వాటిలోంచి గులాబిరంగు తులిప్‌లు పైకి లేస్తాయి. దగ్గరికెళ్తే ఏ పువ్వుకాపువ్వే. నాలుగడుగులు వెనక్కి జరిగితే అన్నీ కలిసిపోయి ఒకే రంగు మెరుస్తుంది. మొనే కుంచెతో చేసిందీ అదే కదా! 1883లో ఈ ఇంట్లో అద్దెకు దిగి, 1890లో దాన్ని కొనుక్కుని, 1926లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉన్నాడు. ఇన్నేళ్లు మొక్కలతో కూడా ఆయన బొమ్మలే వేశాడనిపించింది నాకు.

నీటి తోట రోడ్డుకు అవతల ఉంది, నేల కింది దారిలోంచి వెళ్లాలి. అక్కడ మెట్లున్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వేరే దారి ఉందేమో సిబ్బందిని అడగడం మంచిది. 1893లో మొనే ఆ స్థలం కొని, ఎప్ట్ నది పాయ నుంచి నీళ్లు మళ్లించి చెరువు కట్టించాడు. ఆకుపచ్చ జపాన్ వంతెన మీది విస్టీరియా పూలతీగ మేము వెళ్లేసరికి ఇంకా మొగ్గ మీదే ఉంది. మే మొదట్లో విరగబూస్తుందట. వంతెన మీద ఫొటోల కోసం తోపులాట తప్పదు. వెదురు పొదల వైపు గట్టున నిలబడితే నిదానంగా చూడొచ్చు.

ఇంట్లో పసుపు భోజనాల గది, నీలి పలకల వంటిల్లు, గోడల నిండా జపాన్ చిత్రాలు. మొనే స్టూడియోలో ఉన్నవి నకళ్లు. ఆయన వేసిన భారీ కలువల చిత్రాలు పారిస్‌లోని ఓరాంజరీ మ్యూజియంలో ఉన్నాయి, తోట చూశాక అక్కడికి తప్పకుండా వెళ్లండి.

పారిస్ సాన్ లజార్ స్టేషన్ నుంచి జివెర్నీకి దగ్గరి పట్నం వెర్నోన్‌కి రైల్లో గంట లోపే. రైలు వేళలకి తగ్గట్టు స్టేషన్ బయట జివెర్నీ బస్సు ఉంటుంది. సాయంత్రం తిరుగు బస్సులు కిటకిటలాడతాయి. వీలైతే ముందు రాత్రి వెర్నోన్‌లోనే బస చేసి, టికెట్ ఆన్‌లైన్లో కొనుక్కుని, తోట తెరిచే వేళకే లోపలికి వెళ్లండి. పారిస్ టూరిస్టు బస్సులు దిగాక ఆ సన్నటి బాటల్లో ఆగి చూసే వీలుండదు. ఊళ్లో భోజనం ఖరీదు, శాకాహారులకు దొరికేదీ తక్కువే. మేము వెర్నోన్‌లో బ్రెడ్డు, చీజు, పళ్లు కొనుక్కుని వెళ్లాం, హాయిగా గడిచింది.