లేతాకు, ముదురాకు, పండుటాకు: దేన్ని తుంచాలి?

మిద్దెతోట పెట్టినవాళ్ళు నన్ను పదేపదే అడిగేది ఇదే: "వంగ, టమాటా మొక్కల అడుగున ఉన్న ముదురాకులు పై ఆకుల తిండి తినేస్తాయట కదా, తుంచేయమంటారా?" ఈ నెల నా కుండీల్లోనూ అదే తేల్చుకోవాల్సి వచ్చింది. నేను ఉంచేశాను.

నిజానికి కూర్చుని తినేది లేతాకు. సగం సైజుకి ఎదిగేదాకా తనకు చాలినంత చక్కెర తయారుచేసుకోలేదు, కింది ఆకులు పంపాల్సిందే. మామిడి చిగురు రాగిరంగులో వేలాడుతున్నప్పుడు దాంట్లో పత్రహరితం ఇంకా సరిగా చేరి ఉండదు. ఆకు పూర్తిగా విచ్చుకున్న కొత్తల్లో కిరణజన్య సంయోగక్రియ బాగా జోరుగా సాగుతుంది. ఆ ఆకుల జోలికి ఎలాగూ ఎవరూ పోరు.

ఇక ముదురాకు. దాని పని తగ్గే మాట నిజమే. ఇంకా పచ్చగా కనిపిస్తున్నప్పుడే తగ్గుతుంది, ఎందుకంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టే రుబిస్కో ఎంజైము పత్రహరితం కంటే ముందే తరగడం మొదలవుతుంది. కానీ తిండి తినేస్తుందనడం తప్పు. చక్కెర బయటికి పంపడం అలవాటైన ఆకు మళ్ళీ పక్క ఆకుల దగ్గర తెచ్చుకోదు. మరీ నీడలో పడితే తన మానాన తాను ఎండిపోతుంది.

నేను ఉంచడానికి అసలు కారణం నత్రజని. ఆకులోని నత్రజనిలో దాదాపు ముప్పావు వంతు హరితరేణువుల్లోనే ఉంటుంది. ఆకు పండేటప్పుడు మొక్క ఆ నత్రజని ఉన్న ప్రోటీన్లను విడగొట్టి చిగుళ్ళకూ కాయలకూ తరలిస్తుంది. మా వంగ ఆకు ఒకదాన్ని రోజూ గమనించాను. ముందు అంచులు పసుపెక్కాయి, ఆకు ఈనెలకు (నరాలకు) ఆనుకుని పచ్చదనం చివరిదాకా నిలిచింది. సరుకంతా వెళ్ళేది ఆ ఈనెల గుండానే. చివరికి వేలు తగలగానే తొడిమతో సహా ఊడివచ్చింది. సగం పసుపులో తుంచితే అదంతా చెత్తబుట్ట పాలు, మళ్ళీ మనమే ఎరువు వేయాలి. కుండీలో ఉండేదే కాస్త మట్టి, ఆ నష్టం అక్కడ బాగా తెలుస్తుంది.

టమాటాలో మట్టికి తగిలే ఆకులు మాత్రం తీసేస్తాను. నీళ్ళు చింది తెగులు వాటికే ముందు అంటుకుంటుంది. వలయాల్లాంటి మచ్చలున్న ఆకుని ఎంత పచ్చగా ఉన్నా ఉంచను. చిగురు తుంచడం కొమ్మల కోసం చేసే పని, అది వేరే.

ఎదిగే వయసులోనే కింది ఆకులు వరసగా పసుపెక్కుతుంటే చాలాసార్లు అది నత్రజని కొరతే. అలాంటప్పుడు ఆకుల్ని ముట్టుకోకుండా వర్మీకంపోస్ట్ వేసి, పై చిగురు రంగు చూస్తూ ఉంటాను.