కరామోజాలో తుపాకుల సేకరణ: అడిగి తీసుకోవడమా, చుట్టుముట్టి లాక్కోవడమా?

ఉగాండా ఈశాన్యాన ఉన్న కరామోజాలో 1979లో, నియంత ఇదీ అమీన్ ప్రభుత్వం కూలినప్పుడు, మొరోటో సైనిక ఆయుధాగారం లూటీ అయింది. ఆ తర్వాత అక్కడి పశుపోషక తెగల మధ్య ఈటెలతో జరిగే పశువుల దోపిడీ ఏకే-47లతో జరగసాగింది. తుపాకులు వెనక్కి తీసుకోవడానికి ప్రభుత్వం రెండు దారులూ తొక్కి చూసింది.

ఖర్చు: స్వచ్ఛందంగా ఇస్తే (2001 డిసెంబర్ నుంచి) ప్రతిఫలంగా నాగలి, ఇంటి కప్పు రేకులు. చుట్టుముడితే (2006 నుంచి) ఈ కానుకలు అక్కర్లేదు, సైన్యం ఖర్చు మాత్రం ఆగదు.

శ్రమ: మొదటిదానికి పెద్దలను ఒప్పించాలి, ఓపిక కావాలి. రెండోదానికి తెల్లవారకముందే ఊరిని దిగ్బంధించి ఇల్లిల్లూ సోదా చేయాలి.

ప్రమాదం: అసలు చిక్కంతా ఇక్కడే. ఒక తెగ తుపాకులిచ్చి, పక్క తెగ దాచుకుంటే, ఇచ్చినవాళ్ల మందలే పోతాయి. 2002లో సైన్యం ఎల్‌ఆర్‌ఏ (లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ) తిరుగుబాటుదారులపై పోరుకు తరలగానే, తుపాకులిచ్చిన బొకోరా తెగకు జరిగింది అదే. సరిహద్దు అవతల కెన్యాలోని తుర్కానా, పోకోట్ తెగల దగ్గర తుపాకులు ఉండనే ఉన్నాయి. బలవంతపు సోదాల్లో కొట్టడం, హింసించడంపై ఆరోపణలొచ్చాయి; జనం తుపాకులను పాతిపెట్టారు, సమాచారం ఇవ్వడం మానేశారు.

ఇచ్చినవాళ్ల పశువులను సైనిక బ్యారక్‌ల పక్కన దొడ్లలో పెట్టి కాపలా కాశారు. దోపిడీ తగ్గొచ్చు, కానీ ఇరుకులో రోగాలు పాకుతాయి, మేత చాలదు, ఇంట్లో పిల్లలకు పాలు అందవు.

పక్క తెగలన్నీ ఒకేసారి ఇస్తూ, సైన్యం ఏళ్ల తరబడి నిలిచే చోట మొదటిదే మేలు. ఒక ముఠా పదేపదే దోచుకుంటుంటే సోదా తప్పదు, అదీ కచ్చితమైన సమాచారంతో, ఊరంతటిపై కాదు.