బేగంబజార్‌లో లూజ్ ఫ్రైస్ మసాలా కొంటున్నారా? ఆగండి, ముందు ఇది చదవండి

పిల్లలకి ఇంట్లో ఫ్రెంచ్ ఫ్రైస్ చేసిపెట్టే వాళ్ళు, సాయంత్రం పూట చిన్న స్నాక్స్ బండి నడుపుకునే వాళ్ళు ఈ పోస్టు తప్పకుండా చదవాలి. పెరి పెరి మసాలా అనో, ఫ్రైస్ మసాలా అనో చెప్పి లేబుల్ లేని కవర్లలో కట్టిచ్చే ఎర్ర పొడి దయచేసి కొనకండి. ధర తక్కువని అస్సలు కొనకండి.

పోయిన నెల ఇంటికి కావలసిన దినుసుల కోసం హైదరాబాద్ బేగంబజార్ వెళ్ళి, ఒక కొట్లో ఈ మసాలా అరకిలో తీసుకున్నాను. ఆ కొట్టు పేరు కావాలనే రాయడం లేదు. పేరు రాస్తే ఆ ఒక్క కొట్టు మానేసి, పక్క సందులో అదే సరుకు కొంటారు. చూసుకోవలసింది కొట్టుని కాదు, సరుకుని. ఏళ్ళ తరబడి నమ్మకంగా అమ్మే కొట్లు అక్కడే ఎన్నో ఉన్నాయి. మా ఇంట్లో ధనియాలు, జీలకర్ర, మిరపకాయలు ఇప్పటికీ అక్కడివే.

కౌంటర్ మీద చిన్న స్టీలు గిన్నెలో రుచి చూడమని పెట్టిన పొడి చాలా బాగుంది. వెల్లుల్లి వాసన, కొంచెం పులుపు, చివర్లో తీపి. కట్టిచ్చింది మాత్రం వెనకున్న బస్తాలోంచి తీసి ఇచ్చారు. "అదే మాల్ మేడం, పెద్ద పెద్ద హోటళ్ళకి ఇదే పోతుంది" అన్నాడు. బిల్లు అడిగితే తెల్ల చీటీ మీద మొత్తం రాసిచ్చాడు. దాని మీద కొట్టు పేరు లేదు, సరుకు పేరు లేదు.

ఇంటికొచ్చి ఫ్రైస్ మీద చల్లితే వెల్లుల్లి వాసన జాడే లేదు. నోట్లో పెట్టుకోగానే ఉప్పు, ఆ వెనకే గొంతులో ఒక రకమైన చేదు. పిల్లల వేళ్ళకి అంటిన ఎరుపు సబ్బుతో రెండు మూడు సార్లు కడిగినా గోళ్ళ అంచుల్లో అలాగే ఉండిపోయింది. ఇంట్లో కారం కలిపితే చేతులు మండుతాయి గానీ ఇలా రంగు పట్టుకోదు. మా అత్తయ్య ఆ వేళ్ళు చూసి, "ముందు ఆ పొడి నీళ్ళలో వేసి చూడు" అన్నారు.

గాజు గ్లాసులో చల్లటి నీళ్ళు పోసి, పైన చిటికెడు పొడి చల్లాం. కలపలేదు, కదిలించలేదు. పొడి ఇంకా నీళ్ళ మీద తేలుతుండగానే దాని కింద నుంచి ఎర్రటి తీగలు గీతల్లా కిందికి దిగడం మొదలుపెట్టాయి. కాసేపటికి గ్లాసు నీళ్ళన్నీ రోజా రంగుకి వచ్చేశాయి. పక్కనే మరో గ్లాసులో మేం మిరపకాయలు పట్టించుకున్న కారం చల్లాం. అది పైన తేలి మెల్లగా అడుగుకి చేరింది. నీళ్ళు కొంచెం మసకబారాయి, అంతే. తర్వాత మొదటి గ్లాసు వంపేసి అడుగున మిగిలిన మడ్డి వేళ్ళ మధ్య రుద్ది చూస్తే గరగరలాడింది. ఈ రెండు పరీక్షలూ నా సొంతం కాదు. ఆహార కల్తీ ఇంట్లోనే కనిపెట్టడానికి కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ళు ఇచ్చిన చిన్న పుస్తకంలో కారప్పొడి గురించి చెప్పినవే ఇవి. రంగు గీతలుగా దిగితే కృత్రిమ రంగు. మడ్డి గరుకుగా తగిలితే ఇటుక పొడో ఇసుకో. సబ్బులా జారితే సోప్‌స్టోన్ అనే మెత్తటి రాయి పొడి.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. నీళ్ళ పరీక్షలో దొరికేది నీళ్ళలో కరిగే రంగు మాత్రమే. సుడాన్ రంగులని ఉన్నాయి, అవి నూనెలో కరిగేవి, పరిశ్రమల్లో వాడేవి. 2003లో మన దేశం నుంచి వెళ్ళిన కారంలో ఇవి బయటపడి ఐరోపాలో పెద్ద గొడవే అయ్యింది. 2005లో బ్రిటన్‌లో వందల రకాల ఆహార పదార్థాలు షాపుల్లోంచి వెనక్కి తీసుకున్నారు. ఆ రంగులు గ్లాసు నీళ్ళకి దొరకవు. అందుకని నీళ్ళలో రంగు దిగకపోతే పొడి మంచిదని సంబరపడకండి. పోనీ నూనెలో వేసి చూద్దామా అంటే, అసలు మిరపకాయ ఎరుపు కూడా నూనెలోనే కరుగుతుంది కాబట్టి నూనె ఎర్రబడటం దేనికీ రుజువు కాదు. ఖచ్చితంగా తేలేది ల్యాబ్‌లోనే. మన చట్టం ప్రకారం కారప్పొడిలో ఏ రంగూ కలపకూడదు. మిఠాయిల్లో అనుమతించిన రంగు కూడా కారంలో పనికిరాదు.

పొడి పట్టుకుని మళ్ళీ కొట్టుకి వెళ్ళాను. "లూజ్ మాల్‌కి వాపస్ లేదు, ఇది మా దగ్గరదే అని ఏంటి గ్యారంటీ" అన్నారు. చీటీ మీద పేరు లేకపోవడం ఎందుకు పనికొస్తుందో అప్పుడు అర్థమయ్యింది. డబ్బు పోయింది, దాని సంగతి వదిలేద్దాం. ఇది తినేది ఎక్కువగా పిల్లలు. బడి వదలగానే బండి దగ్గర ఆగి తినే పిల్లలు. నాకు నిద్ర పట్టనిది ఆ విషయంలోనే.

ధర దగ్గరే అసలు అనుమానం రావాలి. ఈ మసాలాలో ఉండవలసినవి ఏంటి? రంగు ఎక్కువ, ఘాటు తక్కువ ఉండే కశ్మీరీ మిర్చి లేదా బ్యాడిగి మిర్చి, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, ఆమ్‌చూర్ (పచ్చి మామిడి పొడి), ఒరెగానో (పిజ్జా మీద చల్లే ఎండు ఆకు). ఇందులో ఏదీ చవక కాదు. తడి పోయేదాకా ఎండబెడితే కిలో వెల్లుల్లి అరకిలో కూడా మిగలదు. అలాంటప్పుడు కిలో కశ్మీరీ మిర్చి కంటే కిలో మసాలా తక్కువకి ఎలా వస్తుంది? ఉప్పు, పిండి ఎక్కువ వేసి, పోయిన ఎరుపుని రంగుతో నింపితేనే వస్తుంది. మామూలు కారంలో కల్తీ జరిగితే వంటలో రుచి తేడా మనకి తెలుస్తుంది. ఇది ఇంట్లో అలవాటైన రుచి కాదు, అసలుది ఎలా ఉండాలో చాలామందికి తెలియదు. మోసం సులువయ్యేది అందుకే.

కొనాల్సి వస్తే సీల్ ఉన్న ప్యాకెట్ మాత్రమే కొనండి. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, పదార్థాల జాబితా ఉండాలి. ఆ నంబరు అసలుదో కాదో ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో చూసుకోవచ్చు. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలని నియమం. మొదట ఉప్పు, తర్వాత మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండి పదార్థం, ఆ తర్వాత ఎక్కడో మిర్చి కనిపిస్తే మీరు ఉప్పుకి డబ్బు పెడుతున్నట్టు. 621, 627, 631 అని ఉంటే అవి రుచి పెంచేవి, 551 అంటే పొడి గడ్డకట్టకుండా వేసేది. అవి కల్తీ కాదు గానీ, తెలిసి కొనడం వేరు, తెలియక కొనడం వేరు. ఉప్పు సంగతి మాత్రం పిల్లల విషయంలో చూడండి. పెద్దవాళ్ళకే రోజుకి 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

నన్నడిగితే ఇంట్లో చేసుకోవడమే మేలు. హోటల్ రుచికి పెద్ద రహస్యం ఏమీ లేదు. ఉప్పు, పులుపు, తీపి, కారం నాలుగూ ఒకేసారి నాలుకకి తగలాలి, పొడి మెత్తగా ఉండాలి. మా ఇంట్లో కుదిరిన కొలత చెబుతాను. కశ్మీరీ కారం 2 పెద్ద చెంచాలు, వెల్లుల్లి పొడి 1 పెద్ద చెంచా, ఉల్లి పొడి 1 పెద్ద చెంచా, ఉప్పు 1 పెద్ద చెంచాకి కొంచెం తక్కువ, పంచదార 2 చిన్న చెంచాలు, ఆమ్‌చూర్ 2 చిన్న చెంచాలు, ఒరెగానో 1 చిన్న చెంచా, వేయించిన జీలకర్ర పొడి, మిరియాల పొడి, నల్లుప్పు అర చెంచా చొప్పున. నిమ్మ ఉప్పు రెండు చిటికెలు చాలు, అంతకు మించితే పళ్ళు పులుస్తాయి. టమాటా పొడి దొరికితే ఒక చెంచా వేయండి, పాకెట్ మసాలాలో 621 ఇచ్చే కమ్మదనం సహజంగానే వస్తుంది.

ఉప్పు, పంచదార, ఒరెగానో ముందు కలిపి మిక్సీలో మెత్తగా పట్టండి. ఇది మాత్రం మానకండి. కల్లుప్పు గానీ మామూలు ఉప్పు గానీ ఫ్రైస్ మీద నిలవదు, జారి పళ్ళెం అడుగుకి చేరుతుంది. అప్పుడు పైన చప్పగా ఉందని ఇంకా చల్లుతాం. పట్టిన తర్వాత మిగతావన్నీ వేసి ఒక్కసారి తిప్పి, సన్నటి జల్లెడలో జల్లించాలి. మిక్సీ ఆపకుండా తిప్పితే జార్ వేడెక్కి వెల్లుల్లి పొడి అంటుకుపోతుంది, ఆపి ఆపి తిప్పండి.

ఇక్కడ కూడా అదే జాగ్రత్త. లూజ్ మసాలా మానేసి, లూజ్ కారం, లూజ్ వెల్లుల్లి పొడి తెచ్చి కలిపితే ఏం లాభం? మిర్చి కాయగా కొని, తొడిమలు తీసి, ఎండబెట్టి గిర్నీలో పట్టించుకోండి. గిర్నీలో మనకంటే ముందు వేరేవాళ్ళ పసుపు పట్టి ఉంటే ఆ వాసన వస్తుంది, కాబట్టి కారం పట్టే మర వేరుగా ఉన్నచోటికి వెళ్ళండి. వెల్లుల్లి పల్చగా తరిగి మన ఏప్రిల్, మే ఎండలో డాబా మీద పల్చటి గుడ్డ కప్పి ఆరబెడితే విరిస్తే పుటుక్కుమనేలా ఎండుతుంది. వానాకాలంలో ఆ పని పెట్టుకోకండి, బూజు పడుతుంది. అప్పుడు సీల్ ప్యాకెట్ వెల్లుల్లి పొడే నయం. తయారైన మసాలా గాజు సీసాలో పెట్టి, తడి లేని చెంచా వాడండి. అర చెంచా వేయించిన బియ్యప్పిండి కలిపితే గడ్డకట్టడం తగ్గుతుంది.

పావుకిలో ఆలుగడ్డలకి ఒక చిన్న చెంచా మసాలాతో మొదలుపెట్టండి. ఫ్రైస్ నూనెలోంచి తీసి వడకట్టిన వెంటనే, ఇంకా పైన నూనె తడి మెరుస్తుండగానే వెడల్పు గిన్నెలో వేసి, మసాలా చల్లి ఎగరేసి కలపాలి. చల్లారాక చల్లితే అంటదు. వేయించే ముందే చల్లితే కారం మాడి నూనె పాడవుతుంది. ఆలుగడ్డలు ఫ్రిజ్‌లో పెట్టకండి, చల్లదనానికి వాటిలో పిండి తీపిగా మారి, వేగేటప్పుడు త్వరగా నల్లబడతాయి. మొదట సన్న సెగ మీద మెత్తబడేదాకా, ఆరబెట్టి రెండోసారి ఎక్కువ సెగ మీద కరకరలాడేదాకా వేయించండి.

ఇప్పటికే ఇలాంటి పొడి కొన్న వాళ్ళు దాన్ని పారేయకండి. కవరు, చీటీ, పొడి అలాగే ఉంచి ఫోటోలు తీయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి గానీ, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో గానీ ఫిర్యాదు పెట్టండి. సిటీలో అయితే జీహెచ్‌ఎంసీ ఫుడ్ సేఫ్టీ విభాగానికి కూడా చెప్పండి. వాళ్ళు శాంపిల్ తీస్తే నాచారంలోని స్టేట్ ఫుడ్ ల్యాబ్‌కి పంపుతారు. 2006 నాటి ఆహార భద్రత చట్టంలో 40వ సెక్షన్ ప్రకారం మామూలు కొనుగోలుదారు కూడా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్ చేత పరీక్ష చేయించుకోవచ్చు. సరుకులో లోపం తేలితే ఫీజు వెనక్కి ఇస్తారు. కానీ కొనేటప్పుడే అమ్మేవాడికి "దీన్ని టెస్టుకి పంపిస్తాను" అని చెప్పాలని అందులోనే ఉంది. కాబట్టి ఆ మాట కౌంటర్ దగ్గరే, కట్టించక ముందే అనండి. ఆ తర్వాత వాళ్ళు ఏ బస్తాలోంచి తీస్తారో చూడండి.